కాలింపాంగ్ కొండ మీద గ్రాహం గారి బడి

వేసవి సెలవుల్లో డార్జిలింగ్, గ్యాంగ్‌టక్ చూసి వచ్చే కుటుంబాలు మన స్కూల్లోనూ చాలానే ఉన్నాయి. ఆ దారిలో తీస్తా నది దాటి కొండెక్కితే కాలింపాంగ్ వస్తుంది. ఊరికి పైన డెలో కొండ వాలులో వందేళ్లు దాటిన ఒక రెసిడెన్షియల్ స్కూల్ ఉంది. పేరు డాక్టర్ గ్రాహమ్స్ హోమ్స్. ఈ నెల జీవిత కథ దాన్ని స్థాపించిన జాన్ ఆండర్సన్ గ్రాహం గారిది. ఇందులో మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి. మింగుడుపడనిది కూడా ఒకటి ఉంది.

గ్రాహం 1861లో లండన్‌లో పుట్టారు, స్కాట్లాండ్‌లోని కార్డ్రాస్ అనే పల్లెలో పెరిగారు. డబ్బున్న ఇల్లు కాదు. ఎడిన్‌బరోలో ప్రభుత్వ గుమస్తాగా పనిచేసి, తర్వాత అక్కడి యూనివర్సిటీలోనే చదువుకున్నారు. 1889 జనవరిలో పాస్టర్ అయ్యారు. అదే నెలలో కేట్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ ఏడాదే ఇద్దరూ కాలింపాంగ్ చేరారు.

అప్పటి కాలింపాంగ్‌ను ఊహించుకోవాలంటే ఈనాటి హోటళ్లను మరచిపోవాలి. 1865 వరకు అది భూటాన్ రాజ్యంలోది. బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాక టిబెట్ నుంచి కంచర గాడిదల మీద ఉన్ని దిగే సంతగా పెరిగింది. లెప్చాలు, భూటియాలు, నేపాలీలు, మార్వాడీ వ్యాపారులు అందరూ అక్కడ కనిపించేవారు. బౌద్ధ మఠాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. మాక్‌ఫర్లేన్ అనే స్కాటిష్ మిషనరీ గ్రాహం కంటే ముందే వచ్చి బడులు నడిపి, 1887లో చనిపోయారు. ఆయన జ్ఞాపకార్థం కట్టిన రాతి చర్చి 1891లో పూర్తయింది. ఈనాటికీ ఊరంతటికీ కనిపించేది దాని గోపురమే. గ్రాహం దంపతులు ఆ పనిని అందుకుని ఆసుపత్రి కట్టించారు, రైతుల కోసం ఏటా మేళా పెట్టారు. కొండ ఊళ్ల ఆడవాళ్లకు లేసు అల్లిక, నేత నేర్పించి నాలుగు డబ్బులు వచ్చేలా చేసింది కేట్ గారు. నా ఉద్దేశంలో ఈ కథలో ఆమెకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఇక అసలు విషయం. ఆ చుట్టుపక్కల డార్జిలింగ్, డువార్స్, అస్సాం అంతటా తేయాకు తోటలు. వాటిని నడిపేది బ్రిటన్ నుంచి వచ్చిన పడుచు కుర్రాళ్లు. కొన్నేళ్ల దాకా పెళ్లి మాట ఎత్తకూడదనేది తోటల్లో మామూలు షరతు. తోటలో పనిచేసే ఆడవాళ్లతో, కొండ ఊళ్ల ఆడవాళ్లతో వాళ్లు కాపురం చేసేవారు, పిల్లలు పుట్టేవారు. దొర స్వదేశం వెళ్లిపోతే ఆ పిల్లల గతి ఏమిటో ఎవరికీ పట్టేది కాదు. తోటలన్నీ తిరిగే గ్రాహం గారు బంగళాల వెనక ఈ పిల్లలను చూశారు. ఆ కొండల్లో బడులు లేక కాదు. డార్జిలింగ్‌లో లొరెటో కాన్వెంట్ 1846 నుంచి ఉంది. సెయింట్ పాల్స్ 1864లో కలకత్తా నుంచి కొండ మీదికి వచ్చింది. 1888లో సెయింట్ జోసెఫ్స్ మొదలైంది. ఒక్కో చర్చి వాళ్లకు ఒక్కో బడి. కానీ అవి ముఖ్యంగా యూరోపియన్ కుటుంబాల కోసం. ఈ పిల్లల సంగతి ఆ సమాజంలో ఎత్తడమే మర్యాద కాదు.

గ్రాహం గారు ఆ మాట ఎత్తారు. 1900 సెప్టెంబర్‌లో ఒక అద్దె ఇంట్లో ఆరుగురు పిల్లలతో సెయింట్ ఆండ్రూస్ కొలోనియల్ హోమ్స్ మొదలైంది. పెద్ద డార్మిటరీ ఆయనకు ఇష్టం లేదు. స్కాట్లాండ్‌లో అనాథల కోసం నడిచే క్వారియర్స్ హోమ్స్ పద్ధతిలో కాటేజీలు కట్టించారు. ఒక్కో కాటేజీలో పాతిక ముప్పై మంది పిల్లలు, వాళ్లను చూసుకోవడానికి ఒక హౌస్ మదర్. పనివాళ్లు లేరు. వంట, ఊడ్చడం, బట్టలు ఉతకడం అన్నీ పిల్లలే చేసుకోవాలి, చెప్పుల్లేకుండా తిరగాలి. ఇంటి నిండా నౌకర్లుండే దొరల కాలంలో ఇది చిన్న సాహసం కాదు. స్తోమత ఉన్న తండ్రులు ఫీజు కట్టేవారు, మిగతాది విరాళాలు. దాతల కోసం మన న్యూస్‌లెటర్ లాంటి పత్రిక కూడా నడిపారు.

తల్లుల సంగతి మాత్రం వేరు. పిల్లలు కొండెక్కాక తల్లితో సంబంధం దాదాపు తెగిపోయేది. పిల్లవాడు పూర్తిగా ఇంగ్లీషువాడిగా పెరగాలంటే తల్లి భాష, తల్లి ఊరు అడ్డమని ఆనాటి లెక్క. మన హాస్టల్ పిల్లలు ఒక్క ఆదివారం ఫోన్ చేయకపోతేనే ఇంట్లో అమ్మకు అన్నం సహించదు. ఆ తల్లులకు ఉత్తరం రాద్దామన్నా చాలామందికి అక్షరం రాదు. మనసున్న మనిషే గ్రాహం గారు, కానీ తల్లులను దూరంగా ఉంచడం ఆయన కట్టిన ఏర్పాటులోనే ఉంది. కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం నాకు కష్టంగానే ఉంది.

చదువయ్యాక ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. బ్రిటిష్ ఇండియాలో ఈ పిల్లలకు రంగు అడ్డొచ్చేది. అందుకే 1908 నుంచి 1938 వరకు సుమారు 130 మందిని న్యూజిలాండ్ పంపారు. అబ్బాయిలు పొలం పనికి, అమ్మాయిలు ఇళ్లలో పనికి. మిగతా వాళ్లు ఇక్కడే రకరకాల ఉద్యోగాల్లో కుదురుకున్నారు. న్యూజిలాండ్‌లో స్థిరపడినవారిలో చాలామంది తమ పిల్లలకు కాలింపాంగ్ మాట గానీ, అమ్మ మాట గానీ చెప్పలేదు.

కేట్ గారు 1919లో పోయారు. ఆమె పేరున హోమ్స్‌లో 1925లో ఒక చాపెల్ వెలిసింది. 1931లో గ్రాహం గారిని చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ మోడరేటర్‌గా ఎన్నుకున్నారు. ఆ చర్చిలో అంతకు మించిన గౌరవం లేదు. అయినా మళ్లీ కాలింపాంగే వచ్చేశారు. 1937లో, డెబ్బై అయిదు దాటిన వయసులో, న్యూజిలాండ్ వెళ్లి తాను పంపిన పిల్లలను కలిసి వచ్చారు. వాళ్లలో చాలామందికి అప్పటికే పెళ్లిళ్లయి పిల్లలున్నారు. 1942 మేలో ఆయన కాలింపాంగ్‌లోనే కన్నుమూశారు. 1947లో స్కూలుకు ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడక్కడ చదివేది మనలాంటి మామూలు కుటుంబాల పిల్లలు, నేపాలీ, భూటాన్ పిల్లలు. మధ్యమధ్యలో న్యూజిలాండ్ నుంచి కొందరు వస్తుంటారు. ఆనాటి పిల్లల మనవలు, మునిమనవలు. ఒక్కో పిల్లవాడి పేరున దాచిన పాత ఫైళ్లు చూస్తారు. వాటిలో తండ్రి రాసిన ఉత్తరాలు, తోట పేరు, ఫీజు లెక్కలు ఉంటాయి. అమ్మ పేరు కోసం మాత్రం కాగితం కాగితం తిరగేయాల్సి వస్తుంది.