మార్లిన్ మన్రో

మార్లిన్ మన్రో (1926 జూన్ 1 - 1962 ఆగష్టు 4) సుప్రసిద్ధ అమెరికన్ సినిమా నటి. 1950వ దశకంలో హాలీవుడ్ అగ్రతారగా వెలుగొందింది. ఈమె ధరించిన దుస్తులు మరణానంతరం వేలంపాటలలో భారీ ధర పలికాయి. కొన్ని దుస్తుల ముక్కలు అభిమానులు సేకరించే కార్డులలోనూ చేరాయి.

బాల్యం

ఈమె అసలు పేరు నార్మా జీన్. లాస్ ఏంజెలెస్‌లో జన్మించింది. తల్లి మానసిక అనారోగ్యం వలన బాల్యం చాలావరకు పరాయి ఇళ్ళలోను, అనాథాశ్రమంలోను గడిచింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కర్మాగారంలో పనిచేస్తుండగా ఒక సైనిక ఛాయాగ్రాహకుని దృష్టిలో పడి మోడల్ అయింది.

సినీ జీవితం

1946లో ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థతో ఒప్పందం కుదిరినపుడు పేరు మార్చుకొంది. మన్రో అన్నది తల్లి పుట్టింటి పేరు. 1953లో విడుదలైన నయాగరా, జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్ చిత్రాలతో తారాపథానికి చేరుకొంది. ది సెవెన్ ఇయర్ ఇచ్ (1955) చిత్రానికి విలియం ట్రవిల్లా రూపొందించిన తెల్లగౌను ఈమెకు గుర్తుగా నిలిచిపోయింది. సమ్ లైక్ ఇట్ హాట్ (1959) చిత్రంలోని నటనకు గోల్డెన్ గ్లోబ్ పురస్కారం పొందింది.

మరణం, వీలునామా

నిద్రమాత్రలు అధిక మోతాదులో తీసుకోవడం వలన 36వ ఏట మరణించింది. తన దుస్తులను, వ్యక్తిగత వస్తువులను నటనా గురువు లీ స్ట్రాస్‌బెర్గ్‌కు వ్రాసి, వాటిని తన మిత్రులకు, ఆప్తులకు పంచవలసిందిగా వీలునామాలో కోరింది. అయితే వాటిలో అధికభాగం ఆయన వద్దనే ఉండిపోయింది. 1982లో ఆయన మరణించాక అవి భార్య ఆనాకు సంక్రమించాయి.

దుస్తులు

1999 అక్టోబరులో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ సంస్థ ఆ వస్తువులను వేలం వేసింది. 1962 మే 19న అధ్యక్షుడు కెన్నెడీ జన్మదిన వేడుకలో ధరించిన గౌను 12 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2016లో అదే గౌను 48 లక్షల డాలర్లకు అమ్ముడైంది. సినిమా సంస్థ ఆస్తిగా ఉండిన తెల్లగౌనును తరువాత నటి డెబ్బీ రేనాల్డ్స్ సేకరించింది. అది 2011లో రుసుము కాక 46 లక్షల డాలర్లు పలికింది.

క్రీడాకారుల దుస్తుల ముక్కలను కార్డులలో అమర్చి అమ్మే పద్ధతి 1990వ దశకంలో మొదలై, తరువాత సినీతారలకూ విస్తరించింది. మన్రో దుస్తులలో కొన్నింటిని ఈ విధంగానే చిన్న ముక్కలుగా కత్తిరించారు. గౌను కొనలేని సామాన్య అభిమానికి దీనివలన ఒక ముక్కైనా దక్కుతుంది. కాని కత్తిరించిన దుస్తు తిరిగి పూర్వరూపం పొందదు. ముక్క నిజమైనదేనని నమ్మడానికి కొనుగోలుదారునికి సాధారణంగా కార్డు వెనుక ముద్రించిన సంస్థ ధ్రువీకరణే ఆధారం. మిత్రులకు చేరవలసిన దుస్తులలో అనేకం ఈ విధంగా అపరిచితుల సేకరణలలో చేరాయి.