సూరి భగవంతం

కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909వ సంవత్సరమున సూరి భగవంతంగారు జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి పట్టభద్రులైరి. 1928వ సంవత్సరము ఫిబ్రవరిలో చంద్రశేఖర వేంకటరామనుగారు కలకత్తా నగరమున రామన్ ఫలితమును కనుగొనిరి. ఆ యేడే, ఇరువది యేండ్లైనను నిండని భగవంతంగారు కలకత్తా చేరి వారి శిష్యులైరి.

ఒకే రంగు కాంతిని ఒక పదార్థముపై ప్రసరింపజేసినచో, చెదరివచ్చు కాంతిలో కొన్ని క్రొత్త రేఖలు కానవచ్చును. కంటి కగపడని పరమాణువుల కంపనమే వానికి ముఖ్యకారణము. కంటి కగపడని దాని ఊపును మన మెట్లు తెలిసికొనగలము?

బాలలారా! తేలికయైన యొక స్ప్రింగునకు చిన్న రాతిని వ్రేలాడదీసి, కొంచెము లాగి విడువుడు. అది వడివడిగా క్రిందికిని మీదికిని ఊగును. దానికి 4 రెట్లు బరువుగల రాతిని కట్టినచో, ఒక్కొక్క ఊపునకు 2 రెట్ల కాలము పట్టును. స్ప్రింగు మారలేదు, కదలవలసిన ద్రవ్యరాశి మాత్రమే హెచ్చినది.

అణువులందును ఇట్లే జరుగును. పరమాణువుల నడుమనున్న బంధమే అచట స్ప్రింగు. డ్యుటీరియము సాధారణమైన హైడ్రోజనుకంటె సుమారు 2 రెట్లు బరువైనది, బంధబల మొక్కటే. కావున డ్యుటీరియపు అణువు 10 మారులు ఊగులోపల హైడ్రోజను అణువు సుమారు 14 మారులు ఊగును. వజ్రమునందు కర్బన పరమాణువులు తేలిక. వాని బంధములు మిక్కిలి గట్టివి. అందుచే వాని కంపనము అతివేగము. ఆ వజ్రకాంతిని భగవంతంగారు 1930వ సంవత్సరమున శ్రద్ధతో పరిశోధించిరి.

1932లో వారు వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తున అధ్యాపకులైరి. రేఖను చూచుట ఒక యెత్తు. దాని యర్థమును గ్రహించుట మరియొక యెత్తు. అణువు ఆకృతి యిట్టిదని యూహించినచో, ఎట్టి రేఖలు రాదగునో గణితము ముందుగనే చెప్పును. ప్రయోగము దానికి విరుద్ధమైనచో, ఎంత ముచ్చటైన యూహనైనను విడువవలసినదే. ఈ గణితమార్గమును వివరించుచు భగవంతంగారు, టి. వెంకటరాయుడుగారితో కలసి రచించిన గ్రంథము 1948లో వాల్తేరునుండి వెలువడెను.

పిదప వారు హైదరాబాదునకు మరలివచ్చి, 1952 మొదలు 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. అనంతరము బెంగుళూరు భారత విజ్ఞానసంస్థకు సంచాలకులై, 1960 తరువాతి దశకమున దేశరక్షణశాఖకు విజ్ఞానసలహాదారులైరి. 1989లో కీర్తిశేషులైరి.

బుద్ధితో ఊహించుట, ఓర్పుతో కొలుచుట, కొలత చెప్పినదానికి తల వంచుట - ఈ మూడును కలిగినవాడే శాస్త్రజ్ఞుడని వారి జీవితము మనకు బోధించుచున్నది.