కాటుకరేకుల పొడ – డాక్టర్ పాట్రిక్ రస్సెల్

రక్తపింజరను చూడనివారు ఉండవచ్చును గాని, దాని పేరు విననివారు మన పల్లెలలో అరుదు. జంతుశాస్త్ర గ్రంథాలలో ఆ సర్పానికి డబోయా రస్సెలీ అని పేరు. ఆ రస్సెల్ విశాఖపట్టణంలో నివసించిన ఒక వైద్యుడని, మన తెలుగు పాముల పేర్లను ప్రపంచ శాస్త్రానికి అందించిన వ్యక్తియని మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

పాట్రిక్ రస్సెల్ 1726లో స్కాట్లండ్‌లోని ఎడింబరోలో జన్మించారు. 1750లో వైద్యపట్టం పొంది, సవతి సోదరుడైన అలెగ్జాండర్ ఉన్న హలబ్ నగరానికి, అనగా సిరియాలోని అలెప్పోకు వెళ్ళారు. 1753లో సోదరుడు స్వదేశానికి మరలగా అచ్చటి ఆంగ్ల వర్తకుల వైద్యుడైనారు. 1760–62 నడుమ ఆ నగరాన్ని ప్లేగు పీడించింది. మహమ్మారి కాలంలో ఆయన తన కిటికీ నుండియే రోగుల బాధలు విని మందులు చెప్పేవారట. నగర పాలకుడైన పాషా ఆయనకు తలపాగా ధరించే గౌరవాన్ని అనుగ్రహించారు. అక్కడి అరబ్బు వైద్యం, వాఙ్మయం ఆయన శ్రద్ధగా తెలుసుకున్నారు.

హలబ్ నాటి విషయమొకటి మాకు మిక్కిలి ముఖ్యమని తోచును. ఎడారి అరబ్బులలో మశూచికి సూదితో టీకా వేయు ఆచారమున్నదని ఒక బెదూయిను వృద్ధురాలు ఆయనకు తెలిపింది. అక్షరం రాని ముదుసలి మాటయని ఆయన దానిని తోసివేయలేదు. పలువురిని విచారించి, రూఢి చేసుకొని, లండన్ రాయల్ సొసైటీకి నివేదించారు. అది 1768లో అచ్చయింది. ఈ వినే గుణమే తరువాత మన గడ్డపై ఫలించింది.

1781లో, విశాఖపట్టణంలో ఉద్యోగం లభించిన సోదరుడు క్లాడ్‌కు తోడుగా ఆయన ఇచటికి వచ్చారు. 1785లో కోనిగ్ మరణించగా ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితులైనారు. ఏ పాము కరచినా ప్రాణం పోయినట్లేయని జనం తలచే కాలమది. విషం లేని పాము కరచినవాడు బ్రతికితే, ఆ ఘనత ఏదో మాత్రకో మంత్రానికో దక్కేది! కనుక విషసర్పమేదో, కానిదేదో తేల్చుటయే ముందు జరుగవలసిన పని. రంగు రూపాలను నమ్మరాదని, పైదవడలో విషపు కోరలున్నవో లేవో చూడవలెనని ఆయన గ్రహించారు. పాషాణం కలిసిన తంజావూరు మాత్రలను సైతం పరీక్షకు పెట్టారు. ఆ పరీక్షలలో కుక్కలు, కోళ్ళు ఎన్నో బలియైనవి. నేటి దృష్టికి అది క్రూరమే.

పాములు తెచ్చి ఇచ్చినవారు, వాటి పేర్లు చెప్పినవారు ఈ తీరవాసులే. ఆ పేర్లను ఆయన విన్నది విన్నట్లు ఆంగ్లలిపిలో వ్రాసుకున్నారు. రక్తపింజర ఆయన పుస్తకంలో కాటుకరేకుల పొడ! కట్లపాము గెడిపరగుడు, కొండచిలువ పెద్దపొడ. పసుపు, నలుపు పట్టెలు గల బంగారుపాము పేరు నుండియే కట్లపాముల జాతికి బంగారస్ అను శాస్త్రనామం ఏర్పడింది. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ ఆ పేరు పెట్టాడు. పాముల వాళ్ళ నోటి మాట లాటిన్ నామమైనది గాని, ఆ పాముల వాళ్ళ పేరు ఏ పాముకూ పెట్టలేదు.

1789లో రస్సెల్ తన సేకరణలను మద్రాసులో విడిచి స్వదేశానికి వెళ్ళారు. పదవి రాక్స్‌బర్గ్‌కు సంక్రమించింది. కోరమాండల్ తీరపు సర్పాలపై ఆయన బృహద్గ్రంథం రంగుల చిత్రాలతో 1796లో లండన్‌లో వెలువడింది. మరుసటి ఏడు జార్జి షా రక్తపింజరకు ఆయన పేరు పెట్టాడు. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చే పాముకాటు విరుగుడు మందు నాలుగు సర్పాల విషానికి పనిచేయును: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగూ ఆ గ్రంథంలో చిత్రితమై ఉన్నవి.

విశాఖ సముద్రంలోని రెండు వందల చేపలపై ఆయన వ్రాసిన పుస్తకం 1803లో వచ్చింది. రస్సెల్ అవివాహితుడు. 1805 జూలై 2న లండన్‌లో మరణించారు. సర్పగ్రంథం రెండవ సంపుటపు చివరి భాగాలు ఆ తరువాతనే అచ్చయినవి.