సంజీవ్ కుమార్ నటజీవితము

తపతీ నదీతీరమున నున్న సూరత్ నగరము జరీపనికి ప్రసిద్ధము. ఆ వృత్తిని స్ఫురింపజేయు జరీవాలా అను ఇంటిపేరు గల గుజరాతీ కుటుంబమున, ఆ నగరమునందే, 1938 జూలై 9వ తేదీన హరిహర్ జేఠాలాల్ జన్మించెను. హిందీ చలనచిత్రములలో సంజీవ్ కుమార్ అను పేర ప్రఖ్యాతి గాంచిన నటు డితడే.

కుటుంబముతో బొంబాయి చేరిన పిమ్మట ఇతడు ఇప్టా నాటకములలోను, తరువాత ఇండియన్ నేషనల్ థియేటరులోను అభ్యాసము గడించెను. నూనూగు మీసముల వయసున వృద్ధపాత్రలు ధరించుట నాటకరంగముననే ఆరంభమయ్యెను. 1960లో 'హమ్ హిందుస్తానీ' చిత్రమున చిన్న పాత్ర లభించెను. 1965లో 'నిషాన్' చిత్రమున నాయకుడయ్యెను. 1970 నాటి 'దస్తక్' జాతీయ ఉత్తమనట పురస్కారమును తెచ్చిపెట్టెను.

భరతుడు అభినయమును ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని నాలుగు విధములుగా విభజించెను. సంజీవ్ కుమార్ ముఖ్యపాత్రలను గమనించినచో, ఒక్కొక్క సాధనమును తొలగించి నటుని పరీక్షించినట్లు తోచును. గుల్జార్ దర్శకత్వమున 1972లో వెలువడిన 'కోషిష్'లో ఇతడు మూగ చెవిటివాడు. అచట వాచికమునకు తావులేదు. ప్రేమయు, పుత్రశోకమును కన్నులతోను, చేతులతోను తెలుపవలసి యుండెను. ఈ పాత్రకు జాతీయ పురస్కారము రెండవమారు లభించెను. 1975 నాటి 'షోలే'లో ఠాకూర్ బల్‌దేవ్ సింగ్‌కు చేతులు రెండును లేవు. హస్తాభినయము లుప్తమైనను, శాలువ కప్పుకొని కదలక నిలిచిన ఆ మూర్తియందు పగ సంపూర్ణముగా భాసించెను.

ఆహార్యము మితిమీరుటయు నటునకు పరీక్షయే. 1964లో తమిళమున శివాజీ గణేశన్, 1966లో తెలుగున అక్కినేని నాగేశ్వరరావు తొమ్మిదేసి పాత్రలు ధరించిన 'నవరాత్రి' కథను, 1974లో 'నయా దిన్ నయీ రాత్' అను పేర హిందీలో ఇతడు నటించెను. ఒకే కథ మూడు భాషలలో ముగ్గురు మహానటుల చేతికి వచ్చుటచే తులనాత్మక పరిశీలనకు ఇది అనువైన సామగ్రి.

వయోభేదమును ఇతడు ఎన్నడును లెక్కింపలేదు. 1978 నాటి 'త్రిశూల్'లో ఇతని కుమారులుగా నటించినవారిలో అమితాబ్ బచ్చన్ నాలుగేండ్లు మాత్రమే చిన్నవాడు. శశి కపూర్ కొన్ని నెలలు పెద్దవాడు. నాయకవేషమును కోల్పోవుదు నన్న భయమున సాటి నటులు విడుచు ముదుసలి పాత్రలను ఇతడు కోరి స్వీకరించెను. సత్యజిత్ రాయ్ 1977లో 'శత్రంజ్ కే ఖిలాడీ'కి ఇతనిని ఎన్నుకొనెను.

జీవితమున మాత్రము వార్ధక్యము ఇతనికి దక్కలేదు. అవివాహితుడైన ఇతడు హృద్రోగముచే బాధపడి, అమెరికాలో శస్త్రచికిత్స పొందియు, 1985 నవంబరు 6వ తేదీన బొంబాయిలో, నలువదియేడవ యేట మరణించెను. ముగియక మిగిలిన చిత్రములు ఒక్కొక్కటిగా వెలువడుచు వచ్చెను. 1993లో 'ప్రొఫెసర్ కీ పడోసన్' విడుదలయ్యెను. సూరత్ నగరమున ఒక రంగశాల ఇతని పేర వెలసినది.