ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్

ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్ (ఆగష్టు 14, 1883 - అక్టోబర్ 27, 1941) సుప్రసిద్ధ అమెరికన్ జీవశాస్త్రవేత్త, పిండోత్పత్తి శాస్త్ర నిపుణుడు. అండం, శుక్రకణం కలిసి సంయుక్త బీజం ఏర్పడే తొలి క్షణాలలో జరిగే మార్పులను సముద్ర జీవులలో నిశితంగా పరిశీలించి ప్రఖ్యాతి గాంచాడు. నల్లజాతీయుడైనందున స్వదేశంలో తన ప్రతిభకు తగిన స్థానం పొందలేకపోయాడు.

బాల్యం, విద్యాభ్యాసం

జస్ట్ దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో జన్మించాడు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రిని కోల్పోయాడు. ఉపాధ్యాయురాలైన తల్లి మేరీ కుటుంబ భారాన్ని మోసింది. మెరుగైన చదువు కోసం ఆమె కుమారుని ఉత్తరాదిన న్యూ హాంప్‌షైర్‌లోని కింబల్ యూనియన్ అకాడమీకి పంపింది. అతడు అక్కడ చదువుతుండగానే ఆమె కూడా మరణించింది. అయినా చదువు మానక, 1907లో డార్ట్‌మత్ కళాశాల నుండి ఉన్నత శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు. అదే సంవత్సరం వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, మొదట ఆంగ్లం, తరువాత జంతుశాస్త్రం బోధించాడు.

పరిశోధనలు

1909 నుండి వేసవి సెలవులలో వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో ఫ్రాంక్ లిల్లీ వద్ద పరిశోధన సాగించాడు. రాత్రివేళ లాంతరు వెలుగుకు నీటిపైకి చేరే నీరిస్ అనే సముద్రపు పురుగులను సేకరించి, వాటి అండాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించేవాడు. ఫలదీకరణం చెందిన అండం మొదటిసారి రెండుగా విభజన చెందే తలం, శుక్రకణం ప్రవేశించిన చోటును బట్టి ఏర్పడుతుందని 1912లో ప్రకటించాడు. 1916లో చికాగో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందాడు.

ఒకటికి మించి శుక్రకణాలు అండంలో ప్రవేశిస్తే పిండాభివృద్ధి సాధారణంగా దెబ్బతింటుంది. శాండ్ డాలర్ అనే సముద్ర జీవి అండాలలో దీనికి ఏర్పడే అడ్డంకిని జస్ట్ వివరించాడు. శుక్రకణం తాకిన చోట మొదలైన మార్పు ఒక అలవలె అండం ఉపరితలమంతా వ్యాపిస్తుందని, ఫలదీకరణ త్వచం పైకి లేవకముందే మిగిలిన శుక్రకణాలకు ప్రవేశం మూసుకుపోతుందని 1919లో తెలిపాడు. సముద్రపు అర్చిన్ అండాలలో ఇటువంటి వేగవంతమైన నిరోధం విద్యుత్ మార్పు వలన కలుగుతుందని 1976లో నిరూపితమైంది.

అండం శుక్రకణం కొరకు ఎదురుచూసే జడపదార్థం కాదని, అభివృద్ధి చెందే శక్తి అండంలోనే ఉందని, శుక్రకణం దానిని మేల్కొలుపుతుందని జస్ట్ అభిప్రాయం. కేంద్రకంతో పాటు కణపు వెలుపలి పొరకు కూడా జీవక్రియలో ప్రధాన పాత్ర ఉందని వాదించాడు. ప్రయోగానికి వాడే అండాల సహజ స్థితిని ముందుగా తెలుసుకోవాలని, గాజు పాత్రల శుభ్రత, నీటి ఉష్ణోగ్రత వంటివి ఫలితాలను మార్చగలవని నొక్కిచెప్పాడు.

వివక్ష, ఐరోపా ప్రవాసం

1915లో నల్లజాతి ప్రజల అభ్యున్నతికై పాటుపడే జాతీయ సంఘం ఇచ్చే స్పింగార్న్ పతకాన్ని అందుకున్న తొలి వ్యక్తి జస్ట్. అయినప్పటికీ శ్వేతజాతీయుల విశ్వవిద్యాలయాలేవీ ఆయనకు ఉద్యోగం ఇవ్వలేదు. హోవర్డ్‌లో బోధనాభారం ఎక్కువ, పరిశోధనకు వసతులు తక్కువ. 1929లో ఇటలీలోని నేపుల్స్‌కు, 1930లో బెర్లిన్‌లోని కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర సంస్థకు వెళ్ళి పరిశోధనలు చేశాడు. 1933లో నాజీలు అధికారంలోకి రావడంతో జర్మనీలో పని సాగక, తరువాత ఫ్రాన్స్‌ను ఆశ్రయించాడు. తన సిద్ధాంతాలను సమగ్రంగా వివరించిన 'కణ ఉపరితల జీవశాస్త్రం' అనే గ్రంథాన్ని 1939లో ప్రచురించాడు.

చివరి రోజులు

1940లో జర్మన్ సేనలు ఫ్రాన్స్‌ను ఆక్రమించినప్పుడు జస్ట్ కొంతకాలం నిర్బంధంలో ఉన్నాడు. విడుదలై అదే సంవత్సరం అమెరికా చేరుకున్నా, అప్పటికే ఆరోగ్యం క్షీణించింది. క్లోమ క్యాన్సర్‌తో 1941లో వాషింగ్టన్‌లో మరణించాడు.

కెన్నెత్ మానింగ్ రచించిన ఆయన జీవిత చరిత్ర 1983లో వెలువడింది. 1996లో అమెరికా తపాలా శాఖ ఆయన స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.