బిషప్ అజరయ్య

తిరునల్వేలి సీమలో వెల్లాలన్‌విళై యను చిన్న గ్రామము కలదు. అచ్చటి దేవాలయమునకు గురువుగా నుండిన తామస్ వేదనాయకమునకు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఒక కుమారుడు కలిగెను. పదుమూడేండ్లు ప్రార్థించి కనిన బిడ్డ యగుటచే తల్లి యాతనికి శామ్యూలను పేరును కూడ చేర్చెను. అతడే వేదనాయకము శామ్యూల్ అజరయ్య. తండ్రి 1889లో గతించెను. భక్తిలోను, క్రమశిక్షణలోను పట్టుదల గల తల్లి యాతనిని పెంచెను.

మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో అజరయ్య యువజన క్రైస్తవ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. ఆ యుద్యోగమున దక్షిణదేశ మెల్ల తిరుగుచుండగా నొక సందేహ మాతని బాధించెను. సువార్త ప్రకటనకు సీమనుండి దొరలు వచ్చుచున్నారు, ధనమును అచ్చటినుండియే వచ్చుచున్నది. ఈ దేశపు క్రైస్తవులు తామేమి చేయుచున్నారు? 1903లో తిరునల్వేలిలో స్థాపింపబడిన భారత మిషనరీ సంఘము ఆ సందేహమునకు సమాధానము. పనివారును, పైకమును స్వదేశమునుండియే రావలెనని దాని నియమము. పరుల నడిగిన పనికి తానే పూనుకొనుట యాతని స్వభావము. 1909లో గురుపట్టము పొంది, నైజాము రాజ్యములోని డోర్నకల్లునకు కాపురము వచ్చెను. తమిళుడగు నాతనికి తెలుగు క్రొత్త. ముప్పది దాటిన పిదప పరభాష నేర్చి పల్లెవారికి తెలియునట్లు మాటాడుట సామాన్యమైన పని కాదు.

1910లో ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. దొరలు దేశీయ సేవకులను సమానులుగా నెంచి స్నేహము చేయుట లేదని అజరయ్య ఆ సభలో నిర్భయముగ చెప్పెను. కొందఱు నొచ్చుకొనిరి. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్పు పదవి నొసగిరి. ఆంగ్లిక సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే.

ఆయన సంఘములలో చేరినవారిలో పెక్కుమంది మాలలు, మాదిగలు. ఊరివెలుపల నివసించుచు, కూలిచే బ్రదుకుచు, అక్షరము నెఱుగని జనులు. చదువు రానివానికి ఆజ్ఞ లేల యని ఆయన యెన్నడును తలపలేదు. జ్ఞానస్నానము కోరువారు పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము నోటికి నేర్వవలసి యుండెను. నేర్చుట యొక యెత్తు, నడచుట యింకొక యెత్తు. మురికి, రోగము, ఋణము, త్రాగుడు ఈ నాలుగును పల్లెను పట్టిన పిశాచములని ఆయన బోధించుచుండెను. స్నానము పొందినవారిచేత తల మీద చేయి పెట్టించి, ఇకమీదట సువార్త చెప్పుట తమ విధియని పలికించువాడు. నిన్నటివరకు ఎవరును మాట వినని కూలివాడు నేడు సాక్షి యయ్యెను!

గృహిణి వంటకు బియ్యము కొలుచునపుడెల్ల ఒక పిడికెడు దేవునికై వేఱుగా నుంచవలెనని మఱియొక యేర్పాటు. బీదవారి నడుగుట న్యాయమా యని నేటి పాఠకుడు శంకింపవచ్చును. ఎల్లప్పుడు పుచ్చుకొనువాడు తలయెత్తి నిలువజాలడని అజరయ్య యెఱుగును. డోర్నకల్లులోని పెద్ద దేవాలయమును పెక్కేండ్లు కట్టి 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠించిరి. దాని నిర్మాణమున హిందూ, ముస్లిము శిల్పరీతులు రెండును కలిసియున్నవి.

ఆయనను మిక్కిలి బాధించిన విషయము వేఱొకటి. మన కడప జిల్లానే చూడుడు. కలసపాడు వైపు సంఘములు ఆంగ్లికులవి, డోర్నకల్ బిషప్పు పాలనలోనివి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములవి లండను మిషను వారివి. వారికి బిషప్పులు లేరు. ఇరువురును నేర్చినది ఒకే పది ఆజ్ఞలు. అయినను ఒకరి గురువు మఱియొకరి దేవాలయమున ప్రభువు బల్లయొద్ద సేవ చేయుటకు వీలులేదు. పడమటి దేశములలో పుట్టిన తగవు మన పల్లెలకు వచ్చిచేరినది. కులభేదము విడువుడని బోధించు సంఘములు తామే వేఱుపడి యుండుట అజరయ్యకు సహింపరానిదయ్యెను. 1919 మే నెలలో తరంగంబాడియందు ఆయన యధ్యక్షతన పలు సంఘముల గురువులు కూడి ఐక్యతకై ప్రకటన చేసిరి. పిమ్మట చర్చలు ఇరువదియెనిమిదేండ్లు సాగెను. బిషప్పు లేకుండ నభిషిక్తుడైన గురువు గురువగునా యను ప్రశ్నపై కాలము గడచిపోయెను. ఇంత యాలస్యము తగదని తోచును గాని, త్వరపెట్టిన చీలిపోవుదురని పెద్దలు వెఱచిరి.

1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లులో అజరయ్య మరణించెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను. జమ్మలమడుగు సంఘములు అందు చేరినవి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికులలో ననేకులు అప్పటికి సమ్మతింపక వేఱుగా నుండిపోయిరి. వారు వచ్చి కలియునప్పటికి 1975వ సంవత్సరము వచ్చెను.