గరికను చదివిన శాస్త్రవేత్త – డాక్టర్ గ్లెన్ బర్టన్



వార్షికోత్సవ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసి పంపమని వార్డెన్ మేడమ్ అడిగారు. అంబేడ్కర్, సావిత్రిబాయి ఫూలే, అబ్దుల్ కలాం గార్ల గురించి ప్రతి సంవత్సరం మనలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఇదే హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను. కాబట్టి మన పాఠ్యపుస్తకాల్లో లేకపోయినా, పచ్చిక గురించీ సజ్జ గురించీ చదివే వాళ్లందరికీ బాగా తెలిసిన ఒక శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను.

ముందుగా మన గ్రౌండ్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో అంతా ఎర్రమట్టి, గులకరాళ్లు. ఖోఖో ఆడి మోకాలు చెక్కుకుపోని అమ్మాయి మనలో లేదు. కానీ ప్రహరీ గోడ పక్కన, నీళ్ల ట్యాంకు కింద ఎప్పుడూ పచ్చగా ఉండేది ఒకటుంది. అదే గరిక. మనం తొక్కినా, మేకలు మేసినా, ఎండాకాలం మాడిపోయినా, ఒక్క వాన పడితే మళ్లీ లేస్తుంది. వినాయక చవితికి పత్రిలో పెట్టేదీ అదే.

మా అమ్మ కూలికి వెళ్లి కలుపు తీస్తుంది. ఆమెను అన్నిటికంటే ఎక్కువ విసిగించే కలుపు గరిక. పైపైన పీకితే లాభం లేదని, లోపలి వేరు తెగి మిగిలిందంటే వారం తిరిగేసరికి మళ్లీ చేనంతా పాకుతుందని ఆమె చెబుతూ ఉంటుంది. మా అమ్మ ఎండలో కూర్చుని పీకే ఈ గరిక మీదే ఒక మనిషి అరవై ఏళ్లు పరిశోధన చేశాడంటే మీరు నమ్ముతారా? ఆయనే డాక్టర్ గ్లెన్ విల్లర్డ్ బర్టన్.

బాల్యం – చదువు

బర్టన్ 1910 మే 5వ తేదీన అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, క్లాటోనియా అనే ఊరిలో జన్మించారు. అదే రాష్ట్రంలో బార్ట్‌లీ దగ్గర వ్యవసాయ క్షేత్రంలో పెరిగారు. 1932లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేశారు. అవి ఆర్థిక మాంద్యం రోజులు. పంటకు ధర లేదు, పట్నంలో పని లేదు. అయినా చదువు ఆపలేదు. న్యూజెర్సీ రాష్ట్రంలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో చేరి 1933లో ఎమ్మెస్సీ, 1936లో పీహెచ్‌డీ పట్టాలు పొందారు.

అదే ఏడాది అమెరికా వ్యవసాయ శాఖ ఉద్యోగిగా జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే చిన్న పట్టణానికి వెళ్లారు. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇప్పుడు జార్జియా విశ్వవిద్యాలయంలో భాగం. ఇంకా పెద్ద ఊళ్లు, పెద్ద ఉద్యోగాలు వెతుక్కుంటూ ఆయన వెళ్లలేదు. 1997 దాకా అక్కడే పని చేశారు.

కలుపు మొక్కతో పని

దక్షిణ జార్జియా పత్తి పండే ప్రాంతం. మన గరికనే అక్కడ బెర్ముడా గడ్డి అంటారు. దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. పత్తి చేలో అది పడిందంటే రైతుకు దుఃఖమే. గొడ్డలి, పారలతో దాన్ని తవ్వి తీసే వాళ్లలో ఎక్కువ మంది పేద కౌలుదార్లు, కూలీలు. వాళ్లలో నల్లజాతి వారు చాలా మంది. వాళ్ల పిల్లలకు జార్జియా విశ్వవిద్యాలయంలో 1961 దాకా సీటే ఇవ్వలేదు. ఈ సంగతి కూడా మనం మరచిపోకూడదు. గడ్డిని దగ్గరగా ఎరిగిన వాళ్ల బిడ్డలకు దాని గురించి చదివే అవకాశం అప్పుడు లేదు.

బర్టన్ గడ్డిని మరో విధంగా చూశారు. పత్తి సారం లాగేసిన ఇసుక నేలల్లో, ఎండలో, తక్కువ ఎరువుతో ఇంత మొండిగా బతికే మొక్క పశువులకు మేతగా ఎందుకు పనికిరాదని ఆలోచించారు. టిఫ్టన్ దగ్గర ఒక పత్తి చేలో దొరికిన మేలైన గరికను, దక్షిణాఫ్రికా నుంచి తెప్పించిన గరికలతో సంకరం చేశారు. సుమారు 5,000 మొక్కలను విడివిడిగా నాటి, ఏళ్ల తరబడి ఒక్కొక్క దాన్నీ పరిశీలించారు. వాటిలో నుంచి చివరకు ఎంపికైనది ఒక్కటే. దానికి కోస్టల్ అని పేరు పెట్టి 1943లో విడుదల చేశారు. కరువును తట్టుకుని, ఎక్కువ మేతనిచ్చే ఆ గడ్డి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో లక్షల ఎకరాలకు వ్యాపించింది. నిన్నటి కలుపు రైతుకు పంట అయింది.

ఆట స్థలానికి పచ్చిక

గ్రౌండ్ ఎందుకు బోడి అవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? పాదాల కింద ఆకు నలిగిపోతుంది. అదొక్కటే కాదు, నేల గట్టిపడి వేళ్లకు గాలి, నీరు అందవు. గుబురుగా ఒకచోటే పెరిగే గడ్డి అయితే మొదలు నలిగిందంటే చచ్చిపోతుంది. గరికకు మాత్రం నేల మీద పాకే తీగ ఒకటి, నేల లోపల పాకే కాండం ఒకటి ఉంటాయి. రెండింటికీ కణుపు కణుపునా మొగ్గ ఉంటుంది. పైది తెగితే లోపలిది చిగురిస్తుంది. మా అమ్మను విసిగించిన గుణమే ఆటస్థలానికి వరం.

పశువుల మేత కోసం చేసిన పనిలో నుంచే టిఫ్‌లాన్ అనే దట్టమైన గరిక బయటపడింది. 1952లో విడుదలైన ఈ రకం తొక్కుడును బాగా తట్టుకుని ఫుట్‌బాల్ మైదానాలకు, పార్కులకు పనికొచ్చింది. ఈలోగా 1946 నుంచే గోల్ఫ్ సంఘం వారి సాయంతో బర్టన్ పచ్చిక పరిశోధన మొదలుపెట్టారు. మామూలు గరిక మొండిది, కానీ ఆకు ముతక. ఆఫ్రికాలో సైనోడాన్ ట్రాన్స్‌వాలెన్సిస్ అనే చిన్న గరిక ఉంది. దాని ఆకు సూది లాగా సన్నం. ఈ రెండింటినీ కలిపితే మొండితనం, నునుపు రెండూ వస్తాయని ఆయన ఆలోచన. అలా 1956లో టిఫ్‌గ్రీన్ వచ్చింది.

అన్నిటికంటే పేరు పొందినది టిఫ్‌వే. 1954లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి వచ్చిన చిన్న గరిక విత్తనంలో ఒక మొక్క మిగతా వాటికి భిన్నంగా కనిపించింది. వేరే గరిక పుప్పొడి తనంతట తానే సోకి పుట్టిన సంకర మొక్క అది. తాను కోరి చేసింది కాదని బర్టన్ దాన్ని పారేయలేదు. ఆరేళ్లు పరీక్షించి 1960లో విడుదల చేశారు. 419 నంబరుతో పిలిచే ఆ గడ్డి ఈనాటికీ ఎన్నో దేశాల స్టేడియాల్లో ఉంది. 1965లో ఇంకా పొట్టిదైన టిఫ్‌డ్వార్ఫ్ వచ్చింది. ఈ పేర్లలోని టిఫ్ అంతా టిఫ్టన్ ఊరి పేరే.

ఈ గడ్డి విత్తనం కట్టదు. మామూలు గరికకు 36 క్రోమోజోములు, చిన్న గరికకు 18. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తే బిడ్డకు 27. మూడేసి చొప్పున ఉన్న వాటిని సమానంగా పంచుకోలేక మొక్క గొడ్డుపోతుంది. మనం తినే అరటి కూడా ఇలాంటిదే. అరటిని పిలకలతో పెంచినట్లే టిఫ్‌వేను కాండం ముక్కలతో నాటుతారు. అంటే ప్రపంచంలోని టిఫ్‌వే మైదానాలన్నీ ఆనాటి ఒక్క మొక్క ముక్కలే. ఈ తొలి రకాలకు పేటెంట్ లేదు. ప్రభుత్వ జీతం మీద చేసిన పని ప్రజలందరికీ అందింది.

సజ్జ రొట్టె కథ

ఇదంతా చదివినప్పుడు నాకు మొదట కొంచెం కోపం వచ్చింది. డబ్బున్న వాళ్లు గోల్ఫ్ ఆడుకోవడానికి ఇంత పరిశోధనా అనిపించింది. ఆ తర్వాత తెలిసింది, ఈ మనిషికి మన ఇంటి రొట్టెతో కూడా సంబంధం ఉందని.

సజ్జను మా వైపు సద్ద అంటారు. మా జేజి చిన్నతనమంతా సద్ద సంగటి, సద్ద రొట్టెతోనే గడిచింది. సజ్జ కంకిలో వందల కొద్దీ చిన్న చిన్న పూలుంటాయి. సంకర విత్తనం తయారు చేయాలంటే తల్లి మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టకూడదు. అన్ని పూల పుప్పొడిని చేత్తో తీయడం మనిషి వల్ల కాని పని. మేత సజ్జ మీద పని చేస్తున్న బర్టన్ పుప్పొడే పుట్టని సజ్జ వరుసను తయారు చేశారు. దాని పేరు టిఫ్ట్ 23ఎ. పక్కన వేరే రకం వేస్తే చాలు, దాని మీద కట్టిన ప్రతి గింజా సంకర విత్తనమే.

1960ల మొదట్లో ఆ విత్తనం మన దేశానికి వచ్చింది. లూధియానాలో శాస్త్రవేత్త డి.ఎస్. అఠ్వాల్ దానితో హెచ్‌బి-1 అనే సంకర సజ్జను తయారు చేయగా 1965లో విడుదలైంది. దేశంలో సజ్జ దిగుబడి 1965లో సుమారు 35 లక్షల టన్నులు ఉంటే 1970 నాటికి సుమారు 80 లక్షల టన్నులకు చేరింది. 1965 కరువు ఏడాది, 1970లో వానలు బాగా కురిశాయి. కాబట్టి పెరుగుదలంతా విత్తనం వల్లే అనలేం. కానీ విత్తనం పాత్ర పెద్దదే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. అప్పటి సంకర రకాలన్నింటికీ తల్లి ఒక్కటే, టిఫ్ట్ 23ఎ. 1971 నుంచి వెర్రికంకి తెగులు విజృంభించింది. తెగులు సోకిన కంకిలో గింజకు బదులు పచ్చని ఆకుల పీచు వస్తుంది. ఒక మొక్క ఓడిపోతే అన్నీ ఓడిపోయాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అదే కుటుంబపు విత్తనానికి గామా కిరణాలు సోకించి తెగులును తట్టుకునే 5071ఎ అనే వరుసను తీశారు. 1972లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ కూడా సజ్జను ముఖ్య పంటగా తీసుకుని తెగుళ్లను తట్టుకునే రకాల మీద పని చేసింది. ఎంత గొప్పదైనా ఒక్క తల్లినే నమ్ముకోకూడదని దేశమంతా నేర్చుకుంది. పచ్చికకూ ఇదే సూత్రం. అందుకే టిఫ్టన్‌లో బర్టన్ తర్వాత వేన్ హన్నా టిఫ్‌స్పోర్ట్, టిఫ్‌ఈగిల్ రకాలను తెచ్చారు. ఆ తర్వాత తక్కువ నీటితో బతికే టిఫ్‌టఫ్ వచ్చింది.

గౌరవాలు – ముగింపు

1975లో బర్టన్ అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యులయ్యారు. 1982 సంవత్సరానికి ఆ దేశపు అత్యున్నత శాస్త్ర పురస్కారమైన జాతీయ సైన్స్ పతకం లభించింది. ఆయన, ఆయన భార్య హెలెన్ పేర్ల మీద జార్జియా విశ్వవిద్యాలయంలో ఆకలి తీర్చే చదువులు చదివే విద్యార్థులకు ఉపకార వేతనం ఉంది. స్కాలర్‌షిప్ విలువ మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. 2005 నవంబరు 22న 95 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

చెల్లెళ్లారా! నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నేను గరికనే తీసుకున్నాను. ఆ మాట చెబితే అమ్మ మొదట పడీ పడీ నవ్వింది. గరిక గురించి చదవడానికి ఇంత ఖర్చు పెట్టి యూనివర్సిటీకి పోవాలా అని ఆమె సందేహం. కానీ మరుసటి రోజు పని నుంచి వస్తూ మూడు రకాల గరికను తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఒకటి కాలువ గట్టుది, ఒకటి నల్లరేగడి చేనుది, ఒకటి బండి బాట మధ్యలోది. దేని వేరు ఎంత లోతుకు పోతుందో, ఏది తొందరగా చిగురిస్తుందో వరుసగా చెప్పింది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా ప్రాజెక్టులో మొదటి పేజీ అదే. బండి బాటది ఆకు పొట్టి, కణుపులు దగ్గర దగ్గర. ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ కుండీల్లో ఆ మూడూ పెరుగుతున్నాయి.

చివరగా ఒక పని చెబుతాను. ఈసారి తొలకరి పడగానే ట్యాంకు కింది గరికను తీసి, రెండు మూడు కణుపులుండేలా ముక్కలు చేయండి. గ్రౌండ్‌లో రాళ్లు ఏరి, మట్టిని కొంచెం గుల్ల చేసి, అడుగుకొకటి చొప్పున కొస పైకి కనిపించేలా నాటండి. రెండు వారాలు నేల ఆరిపోకుండా నీళ్లు పోయండి. రెండు మూడు నెలలు అక్కడ ఆడకండి. నీడలో నాటకండి, గరికకు ఎండ కావాలి. ఇది టిఫ్‌వే కాదు, ఆకు ముతకగానే ఉంటుంది. అయినా మోకాళ్లకు గులకరాళ్ల కంటే నయం. వచ్చే వార్షికోత్సవానికి నేను వస్తాను. మీతో కలిసి అక్కడే ఖోఖో ఆడతాను.

సెలవు.

– మీ అక్క,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (వృక్షశాస్త్రం)